మొదటి బంతా? కడబంతా?

పిల్లలూ, 'బంతి' అనే మాటకి తెలుగులో ఒకటికంటే ఎక్కువ అర్థాలున్నాయి. ఒకటి మీకు తెలిసిందే, మీరు ఆడుకునే బంతి. రెండోది, పెళ్ళిళ్ళలో భోజనాలకి వరసగా కూర్చుంటారు చూడండి, ఆ వరస. ముందు కూర్చున్నవాళ్ళది మొదటి బంతి, ఆఖరున కూర్చున్నవాళ్ళది కడబంతి. 'వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు' అని మన పెద్దలు ఒక సామెత కూడా చెప్పారు. ఈ వ్యాసంలో ఆ రెండు బంతులూ ఉన్నాయి. పెద్దలకి ఫుట్‌బాల్ తెలియకపోయినా పేజీ తిప్పెయ్యకండి. మూడేళ్ళ క్రితం వరకు నాకూ అంతంతమాత్రమే తెలుసు.

మేము నార్త్ కెరొలైనాలో షార్లెట్ నగరంలో ఉంటాం. ఇక్కడి జట్టు పేరు కెరొలైనా పాంథర్స్. 2023 మార్చిలో మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. ఒక శుక్రవారం సాయంత్రం మా అబ్బాయి, అప్పటికి తొమ్మిదో తరగతి, మేడ మీద నుంచి దూకినంత పని చేసి కిందికి వచ్చాడు. "నాన్నా! నంబర్ వన్ మనదే!" అని ఒకటే కేక. నేనూ సోఫాలోంచి లేచి వాడితో చేతులు కలిపాను.

"ఏమిట్రా, పరీక్షలో ఫస్టొచ్చాడా?" అన్నారు నాన్నగారు.

"కాదు నాన్నా, మా ఫుట్‌బాల్ జట్టు మొదటి నంబరు కొనుక్కుంది."

"ఫస్టు ర్యాంకు కొనుక్కోవడమేమిట్రా?"

మంచి ప్రశ్న. జవాబు చెప్పడానికి తాతా మనవళ్ళకి గంట పట్టింది. వాడు ఇంగ్లీషులో చెప్పడం, నేను మధ్యలో కూర్చుని తెలుగు చెయ్యడం. ఆ గంటలో నేర్చుకున్నది, ఆ తర్వాత మూడేళ్ళలో చూసింది కలిపి మీ ముందు పెడుతున్నాను.

ఎంసెట్‌కి తలకిందులు

మనలో చాలామంది ఎంసెట్ కౌన్సెలింగ్ గేటు దాటి వచ్చినవాళ్ళమే. అక్కడ మొదటి ర్యాంకు వాడు మొదట సీటు ఎంచుకుంటాడు, పదివేల ర్యాంకు వాడికి మిగిలింది దొరుకుతుంది. ఎన్.ఎఫ్.ఎల్. డ్రాఫ్ట్ దీనికి సరిగ్గా తలకిందులు. ఉన్నవి 32 జట్లు. కిందటి ఏడాది అందరికంటే ఎక్కువ ఓడిపోయిన జట్టుకి కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్ళలో ఒకర్ని ఎంచుకునే మొదటి వంతు. కప్పు గెలిచిన జట్టుది చివరి వంతు. ఇలా ఏడు రౌండ్లు. మొత్తం మీద రెండు వందల యాభై పైచిలుకు కుర్రాళ్ళని ఎంచుకుంటారు.

ఈ పద్ధతి 1936లో మొదలైంది. బెర్ట్ బెల్ అనే ఆయన ప్రతిపాదించారు. ఆయన జట్టు ఫిలడెల్ఫియా ఈగిల్స్ అప్పట్లో ఎప్పుడూ ఓడిపోతూనే ఉండేది. పేరున్న కుర్రాళ్ళంతా గెలిచే జట్లకే వెళ్ళిపోతుంటే ఓడేవాళ్ళు ఎప్పటికి బాగుపడతారు అన్నది ఆయన వాదన. తమాషా ఏమిటంటే, ఆ మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి వంతు ఈగిల్స్‌కే వచ్చింది. వాళ్ళు ఎంచుకున్న జే బెర్వాంగర్ ఈ లీగులో ఒక్క మ్యాచి కూడా ఆడలేదు! మొదటి నంబరు మీద అతిగా ఆశ పెట్టుకోవద్దని ఆ రోజే హెచ్చరిక వచ్చిందన్నమాట.

ఎంసెట్ ర్యాంకు అమ్ముకోవడానికి వీల్లేదు. డ్రాఫ్ట్ వంతు మాత్రం అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. మనకి తొమ్మిదో వంతు ఉంటే, ఇంకా కొన్ని వంతులు జోడించి ఇచ్చి, మొదటి వంతు తెచ్చుకోవచ్చు. దీన్ని 'ట్రేడ్ అప్' అంటారు. మొదటి వంతు ఉన్నవాడు అది ఇచ్చేసి నాలుగైదు వంతులు పుచ్చుకుని వెనక్కి జరిగితే 'ట్రేడ్ డౌన్'. పైకెక్కడం మంచిదా, కిందికి దిగడం మంచిదా అన్నది ప్రతి ఏప్రిల్లో ఈ దేశంలో ఇంటింటా జరిగే వాదన. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పదిసార్లలో ఎనిమిదిసార్లు దిగడమే మంచిది.

తాతగారి చీటీ పాట

పాంథర్స్ ఇచ్చిన ధర ఇదీ. 2023లో తమ తొమ్మిదో వంతు, అరవై ఒకటో వంతు. 2024లో మొదటి రౌండు వంతు. 2025లో రెండో రౌండు వంతు. ఇవి చాలవన్నట్టు తమ జట్టులో బంతిని పట్టుకోవడంలో అందరికంటే మెరుగైన డీజే మూర్ అనే ఆటగాణ్ణి కూడా. ఇవన్నీ చికాగో బేర్స్‌కి ఇచ్చి మొదటి వంతు తెచ్చుకున్నారు.

నాన్నగారు వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకున్నారు. "ఇది చీటీ పాటరా" అన్నారు. ఆయన ముప్ఫై ఏళ్ళు బడిపంతులుగా పనిచేసి, చీటీలు కట్టే మా ముగ్గుర్నీ చదివించారు.

చీటీ అంటే ఏమిటో ఇక్కడి పిల్లలకి తెలియదు కాబట్టి చెబుతాను. ఇరవై మంది నెలకి వెయ్యి రూపాయల చొప్పున ఇరవై నెలలు కడతారు. ప్రతి నెలా ఇరవై వేలు పోగవుతుంది. ఆ డబ్బు ఎవరికి అన్నది పాట పెట్టి తేలుస్తారు. అవసరం తరుముకొచ్చినవాడు "నాకు పదిహేను వేలిచ్చినా చాలు" అని పాడేసి తీసుకుపోతాడు. వాడు వదులుకున్న ఐదు వేలు మిగతావాళ్ళు పంచుకుంటారు. కానీ వాడు కట్టాల్సిన నెలలు అలాగే ఉంటాయి. చివరిదాకా ఆగినవాడికి నిండు చీటీ.

"ముందు పాడుకోవడం తప్పు కాదురా. పిల్ల పెళ్ళికో, ఆసుపత్రికో తప్పదు. సరదాకి పాడుకోకూడదు" అన్నారు. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నేను ఇప్పటికీ మర్చిపోలేదు. "సరే, ఆ వచ్చే కుర్రాడు మొదటి ఏడాది సరిగ్గా ఆడలేదనుకో. మీ జట్టు మళ్ళీ అడుగునే ఉంటుంది. అప్పుడు మొదటి వంతు మళ్ళీ వస్తుంది కదా. అది ఎవరిది?"

"చికాగోది తాతయ్యా" అన్నాడు మావాడు. "బట్, అలా అవదు."

నేనూ అవదనే అన్నాను.

అలాగే అయింది

ఏప్రిల్ 27న పాంథర్స్ బ్రైస్ యంగ్ అనే కుర్రాణ్ణి మొదటగా ఎంచుకున్నారు. అలబామా విశ్వవిద్యాలయంలో ఆడి, 2021లో హైస్మన్ ట్రోఫీ గెలిచినవాడు. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతిని విసిరి ఆట నడిపించేవాడు. కానీ అతను విసిరితే పట్టుకోవాల్సిన డీజే మూర్‌ని అతని కోసమే ఇచ్చేశారు కదా! అంతకు ముందు 2022 అక్టోబరులోనే క్రిస్టియన్ మెకాఫ్రీ అనే మేటి ఆటగాణ్ణి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఇచ్చేశారు. ముందు వరసలో కాపు కాసేవాళ్ళు కాపు కాయలేకపోయారు. ఆ సీజన్లో ఆ కుర్రాణ్ణి ప్రత్యర్థులు 62 సార్లు బంతి చేతిలో ఉండగానే పడగొట్టారు. 17 మ్యాచ్‌లలో జట్టు గెలిచినవి రెండే. కోచ్‌ని సీజన్ మధ్యలోనే పంపించేశారు, జనరల్ మేనేజర్ జనవరిలో వెళ్ళిపోయారు.

2024 ఏప్రిల్లో మొదటి వంతు నాన్నగారు అన్నట్టే వచ్చింది. దాంతో చికాగో కేలబ్ విలియమ్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంది. మా డీజే మూర్ అక్కడికి వెళ్ళిన మొదటి ఏడాదే 1,364 గజాలు సంపాదించాడు. ఇక 2023లో బ్రైస్ తర్వాత రెండో వంతులో హ్యూస్టన్ తీసుకున్న సీజే స్ట్రౌడ్‌కి, ఆ ఏడాది దాడి ఆడే కొత్తవాళ్ళలో అత్యుత్తముడన్న బహుమతి వచ్చింది.

పిల్లలూ, ఒక్క మాట. దీనికి బ్రైస్ యంగ్‌ని వెక్కిరించకండి. తన కోసం అంత ఇవ్వమని అతను అడగలేదు. 2024లో రెండు మ్యాచ్‌ల తర్వాత అతన్ని పక్కన కూర్చోబెట్టారు. కొన్ని వారాలకి మళ్ళీ అవకాశం వచ్చింది, తల దించుకోకుండా ఆడాడు. 2025 సీజన్లో పాంథర్స్ 8 గెలిచి 9 ఓడినా తమ డివిజన్లో మొదటి స్థానం సంపాదించారు. 2015 తర్వాత అదే మొదటిసారి. ప్లేఆఫ్‌లో లాస్ ఏంజెలెస్ రామ్స్ చేతిలో మూడు పాయింట్ల తేడాతోనే ఓడిపోయారు. నేను తప్పంటున్నది కుర్రాణ్ణి కాదు, ధరని.

మరి మహోమ్స్ సంగతి?

ఈ మాట ఎక్కడ ఎత్తినా మా మిత్రుడొకాయన ఒంటికాలి మీద లేస్తారు. "క్వార్టర్‌బ్యాక్ లేకుండా ఎవరు గెలిచారండీ? కాన్సస్ సిటీ పైకెక్కకపోతే మహోమ్స్ దొరికేవాడా?" అంటారు. నిజమే. 2017లో కాన్సస్ సిటీ చీఫ్స్ 27వ వంతు నుంచి 10వ వంతుకి ఎక్కి పాట్రిక్ మహోమ్స్‌ని తీసుకున్నారు. దానికి ఆ ఏడాది మూడో రౌండు వంతు, మరుసటి ఏడాది మొదటి రౌండు వంతు కూడా ఇచ్చారు. అతనితో మూడు సూపర్ బౌల్‌లు గెలిచారు.

కానీ చీఫ్స్ అప్పటికే ఏడాదికి 12 మ్యాచ్‌లు గెలిచిన జట్టు. మంచి కోచ్ ఉన్నాడు, అనుభవం ఉన్న మరో క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ ఉన్నాడు. మహోమ్స్‌ని మొదటి ఏడాది ఒక్క మ్యాచి తప్ప ఆడించనే లేదు. కూర్చోబెట్టి నేర్పించారు. పిండివంటలన్నీ సిద్ధంగా ఉన్న ఇంట్లో ఒక్క పాయసం కోసం పాలు కొనుక్కొచ్చినట్టు వాళ్ళ వ్యవహారం. పాంథర్స్ వ్యవహారం పొయ్యిలో కట్టెలమ్మి పాయసం గిన్నె కొన్నట్టయింది.

పైకెక్కి దెబ్బ తిన్నవాళ్ళ జాబితా ఇంకా పెద్దది. 1999లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ కోచ్ మైక్ డిట్కా ఒక్క రికీ విలియమ్స్ కోసం ఆ ఏడాది తనకున్న మిగతా వంతులన్నీ, మరుసటి ఏడాది రెండు వంతులూ ఇచ్చేశారు. ఇద్దరూ పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు వేషాల్లో ఒక పత్రిక ముఖచిత్రం మీదికి కూడా ఎక్కారు. ఆ ఏడాది జట్టు 3 గెలిచి 13 ఓడింది, డిట్కా ఉద్యోగం పోయింది. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు మూడు మొదటి రౌండు వంతులు, పైన ఇంకో వంతు ఇచ్చి 12 నుంచి 3కి ఎక్కి ట్రే లాన్స్‌ని తెచ్చుకున్నారు. రెండేళ్ళకే అతన్ని ఒక్క నాలుగో రౌండు వంతుకి డాలస్‌కి ఇచ్చేశారు. ఈలోగా 2022లో అందరికంటే చివర, 262వ వంతులో, అదే జట్టు తీసుకున్న బ్రాక్ పర్డీ వాళ్ళని సూపర్ బౌల్‌కి తీసుకెళ్ళాడు. అంతకంటే పాత కథ టామ్ బ్రేడీది. 2000లో 199వ వంతు, తర్వాత ఏడు సూపర్ బౌల్‌లు. కడబంతిలో కూర్చున్నవాళ్ళకీ లడ్డూలు మిగులుతాయన్నమాట!

నోబెల్ బహుమతి వచ్చినాయన చెప్పిన లెక్క

1990ల మొదట్లో డాలస్ కౌబాయ్స్ ఒక ధరల పట్టిక తయారుచేసుకున్నారు. మొదటి వంతుకి 3,000 పాయింట్లు, పదహారో వంతుకి 1,000, ముప్ఫై రెండో వంతుకి 590. మెల్లగా మిగతా జట్లు కూడా దానివంటి పట్టికలే పెట్టుకున్నాయి. అంటే ఒక్క మొదటి వంతు, మూడు పదహారో వంతులతో సమానం అని అందరూ ఒప్పుకున్నట్టే.

రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ అనే ఇద్దరు ఆచార్యులు ఈ ధర సబబేనా అని లెక్క కట్టారు. థేలర్‌గారికి 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే స్థానంలో ఆడే ఇద్దరు కుర్రాళ్ళలో ముందు ఎంచుకున్నవాడు, వాడి వెనకే ఎంచుకున్నవాడికంటే మెరుగ్గా తేలే అవకాశం ఎంతో తెలుసా? నూటికి 52. దాదాపు బొమ్మా బొరుసే! మన కంటికి తిరుగులేని వజ్రంలా కనిపించినవాడికీ, పక్కవాడికీ అంతే తేడా. అయినా పెద్ద పెద్ద జట్ల పెద్దలు తమ కన్ను ఎన్నడూ పొరబడదనే నమ్ముతారు. ఇంకొకటి కూడా వాళ్ళు చూపించారు. ఈ ఏడాది రెండో రౌండు వంతు కోసం వచ్చే ఏడాది మొదటి రౌండు వంతు ఇచ్చేసే అలవాటు జట్లలో ఉంది. ఏ చీటీలోనూ అంత వడ్డీ ఉండదు. అలా ఇచ్చేసే మేనేజరు వచ్చే ఏడాదికి ఉంటాడో ఉండడో. కట్టేది తర్వాత వచ్చేవాడు.

మా ఇంటి ట్రేడ్

ఇదంతా ఫుట్‌బాల్ గురించే అయితే నేను ఈ సావనీరుకి రాసేవాణ్ణి కాదు. ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను.

మావాడు ఏడో తరగతిలో ఉండగా ఒక ప్రత్యేక పాఠశాలలో సీటు సంపాదించాలని నేను పట్టుబట్టాను. దాని ప్రవేశ పరీక్షకి ఆదివారం మధ్యాహ్నం లెక్కల కోచింగ్. మన తెలుగు బడి కూడా సరిగ్గా అదే వేళకి. తెలుగు మానిపించాను. ఈత జట్టు మానిపించాను. తెలుగు చెప్పే టీచరుగారు ఫోన్ చేసి, "ఒత్తులు వచ్చేశాయండీ, ఇప్పుడిప్పుడే చదవడం పట్టుబడుతోంది, ఆపకండి" అన్నారు. "రెండేళ్ళేనండీ, తర్వాత పంపిస్తాం" అన్నాను. ఆ పాఠశాల తప్పేమీ లేదు, పరీక్ష రాసినవాళ్ళందరూ తెలివైన పిల్లలే. సీటు రాలేదు.

రెండేళ్ళ తెలుగు పోతే ఏం పోతుంది అనుకున్నాను. ఏం పోయిందో 2023 మార్చిలో ఆ శుక్రవారం తెలిసింది. తాత అడుగుతున్నారు, మనవడికి అర్థమవుతోంది, నోట్లోంచి మాత్రం తెలుగు రావడం లేదు. ఒకే రక్తం పంచుకున్న ఇద్దరి మధ్య నేను దుబాసీగా కూర్చున్నాను. చికాగోకి ఎన్ని వంతులిచ్చారో వేళ్ళు ముడిచి లెక్కపెడుతున్న మా నాన్నగారిని చూస్తుంటే, నేనేమేం ఇచ్చేశానో నాకూ లెక్క తేలింది. పైగా నేనిచ్చినవి నావి కావు. వాడివి.

ఆ ఏడాది సెప్టెంబరులో వాడే అడిగాడు, మళ్ళీ తెలుగు బడికి వెళతానని. పదిహేనేళ్ళవాడు పదేళ్ళ పిల్లల తరగతిలో కూర్చున్నాడు. కుర్చీలో కాళ్ళు పట్టేవి కావు. పిల్లలంతా "అన్నయ్యా" అంటూ చుట్టూ చేరేవారు. నామోషీ అనుకుంటాడేమో అని నేను భయపడ్డాను గానీ వాడికా బాధ లేదు. వాడి హీరో బ్రాక్ పర్డీ మరి!

ఇప్పుడు వాడు పన్నెండో తరగతి. మొన్న అక్టోబరులో మళ్ళీ నా బుద్ధి నాకొచ్చింది. కాలేజీల్లో 'ఎర్లీ డెసిషన్' అని ఒకటుంది. ఒకే ఒక్క కాలేజీకి ముందుగా దరఖాస్తు పెట్టి, సీటిస్తే అక్కడే చేరతామని పిల్లవాడూ తల్లిదండ్రులూ సంతకం పెట్టాలి. వాళ్ళిచ్చే ఆర్థిక సాయం బొత్తిగా చాలకపోతే తప్ప వెనక్కి రాకూడదు. నాలుగు కాలేజీలు ఎంత సాయం ఇస్తాయో పోల్చి చూసుకునే వీలుండదు. ఒక పెద్ద పేరున్న కాలేజీకి అలా పెడదామన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. మావాడు మాత్రం తెలుగులోనే అన్నాడు, "నాన్నా, ఒక్కదాని కోసం అన్నీ ఇచ్చేద్దామా మళ్ళీ?" అని.

నా దగ్గర జవాబు లేదు. వాడు మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలతో కలిపి ఏడింటికి మామూలు దరఖాస్తులు పెట్టాడు. ఈ వ్యాసం రాసేనాటికి ఇంకా ఉత్తరాలు రాలేదు. ఏం వస్తుందో చూడాలి.

ఎర్లీ డెసిషన్ పెట్టినవాళ్ళంతా తప్పు చేశారని నేననను. ఆ చదువే కావాలని పిల్లవాడికి గట్టిగా తెలిసి, ఖర్చు భరించే శక్తి ఇంట్లో ఉంటే, అది కాన్సస్ సిటీ ట్రేడ్. అవి లేకుండా నలుగురిలో చెప్పుకోవడానికి పైకెక్కితే మా షార్లెట్ ట్రేడ్. తల్లిదండ్రులందరికీ నా మనవి ఒకటే. పైకెక్కే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. వచ్చేదాన్ని నిలబెట్టుకునే సరంజామా మన దగ్గర ఉందా? మనం ఇచ్చేస్తున్న వంతులు ఎవరివి, మనవా, పిల్లలవా? అనుకున్నది కాకపోతే మిగిలేదేమిటి? మూడింటికీ జవాబు దొరికితే నిశ్చింతగా ఎక్కండి. లేకపోతే మెల్లగా కిందికి దిగండి. నాలుగు విస్తళ్ళు వేసుకుని కూర్చోండి. ఈ దేశంలో వడ్డించేవాడు అన్నివేళలా మనవాడు కాడు కదా!

జనవరిలో ఒక ఆదివారం మావాడు తెలుగు బడి నుంచి వస్తూనే తెనాలికి ఫోన్ చేశాడు. అక్కడ సోమవారం తెల్లవారుతోంది. పాంథర్స్ డివిజన్ గెలిచిన సంగతి ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా చెప్పాలని వాడి పట్టుదల. 'డివిజన్'కి తెలుగు దొరక్క 'మా వాటా' అన్నాడు. నేను పక్క గదిలోనే ఉన్నాను, సాయానికి వెళ్ళలేదు.

అంతా విని నాన్నగారు, "మరి చికాగో వాళ్ళ చీటీ తీరిందా?" అని అడిగారు.

"తీరింది తాతయ్యా. చివరి వాయిదా పోయిన ఏప్రిల్లో కట్టేశాం."

"అందుకే గెలిచార్రా" అన్నారు ఆయన.